రాష్ట్రం దాటితే లైసెన్సు చెల్లదా?

పోయినవారం వచ్చిన ఉత్తరాలలో ఒకటి రాజమహేంద్రవరం నుంచి. రాసిన అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసి, అమెరికా వాళ్ల పరీక్ష కూడా ప్యాసయిందట. "టెక్సాస్ లైసెన్సు వస్తుందంటున్నారు. అది చేతిలో వుంటే అమెరికాలో ఏ రాష్ట్రంలోనైనా పని చేయవచ్చునా? ఒక్కొక్క ఊళ్లో మూడేసి నెలలు పని చేస్తే జీతం ఎక్కువట గదా! అందులో సాధకబాధకాలేమిటో మీ శీర్షికలో రాయండి" అని అడిగింది.

అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. కొన్ని రాష్ట్రాలలో చెల్లుతుంది, కొన్నింటిలో చెల్లదు. కాని ఆ ఒక్క ముక్క బోధపడడానికి మా ఇంట్లో ఎంత గందరగోళం జరిగిందో చెబితేగాని దాని బరువు నీకు తెలియదు. అంచేత ఈవారం మా సుభద్ర కథ చెబుతాను. అది చదువుతుందేమోనన్న భయం లేకపోలేదు; ముందే దాని అనుమతి తీసుకున్నాను.

సుభద్ర మా తమ్ముడి కూతురు. మాది తెనాలి. పదిహేనేళ్ల క్రితం ఆ పిల్ల నర్సింగులో చేరతానన్నప్పుడు మా వాళ్లు చేసిన రభస ఇంతా అంతా కాదు. "మన ఇంటి పిల్ల ఊళ్లోవాళ్లకు బెడ్‌పాన్లు అందించడమేమిటి?" అని మా అమ్మ మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ అమ్మే చివరి రోజుల్లో పక్షవాతం వచ్చి మంచాన పడితే, వీపున పుళ్లు పడకుండా రెండేసి గంటలకొకసారి ఒత్తిగిలబెట్టి, ఒళ్లు తుడిచి, గొంతుకు అడ్డం పడకుండా జావ తాగించింది సుభద్రే. ఆ తర్వాత మా ఇంట్లో నర్సు ఉద్యోగాన్ని గురించి ఎవరూ నోరెత్తలేదు.

అమెరికా వెళ్లడమంటే పరీక్షలు, ఫీజులు, పత్రాలు, ప్రయాణం. వీటికోసం మా తమ్ముడు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాడు. బడిపంతులుగా రిటైరైనవాడు, ఆ ఇల్లు తప్ప వెనకేసుకున్నదేమీ లేదు. సుభద్ర 2021 చివర హ్యూస్టన్ చేరి, ఒప్పందం ప్రకారం మూడేళ్లు ఒకే ఆసుపత్రిలో పని చేసింది. అన్నీ నైట్ డ్యూటీలే. ఒక్కొక్క రాత్రి ఆరుగురు, ఏడుగురు రోగులు. నెలనెలా డబ్బు పంపుతూనే వుంది. కాని వడ్డీ నోరు పెద్దది, అసలు తరగడం లేదు.

అప్పుడు దాని దృష్టి ట్రావెల్ నర్సు ఉద్యోగం మీద పడింది. ఆ దేశంలో ఏదైనా ఆసుపత్రిలో నర్సులు చాలకపోతే, ఏజెన్సీల ద్వారా కొద్దికాలానికి బయటి నుంచి పిలిపిస్తారు. మామూలుగా ఒక్కో ఒప్పందం 13 వారాలు. జీతంతోబాటు ఇంటి అద్దెకు, తిండికి వేరే ఇస్తారు. సొంత ఊళ్లో ఇల్లు నిలబెట్టుకుని, దానికి ఖర్చు పెడుతూ, తాత్కాలికంగా బయట పనిచేసేవారికి ఆ అద్దె, తిండి డబ్బు మీద పన్ను వుండదు. అయితే ఒకేచోట ఏడాదికి మించి పని చేసేటట్టయితే ఆ సదుపాయం పోతుంది.

కాలిఫోర్నియాలో ఒక ఆసుపత్రిలో పని వుందని ఏజెన్సీ చెప్పింది. సుభద్ర ఎగిరి గంతేసింది. జీతం ఒక్కటే కాదు కారణం. మామూలు వార్డులో ఒక్క నర్సుకు ఐదుగురి కంటె ఎక్కువమంది రోగుల్ని అప్పగించకూడదని అక్కడ నియమం. 1999లో చేసిన చట్టం, 2004 నుంచి అమలులో వుంది. టెక్సాసులో అలాంటి లెక్క కట్టిన చట్టం లేదు. "అత్తయ్యా, ఐదుగురేనట! మందు ఇచ్చేటప్పుడు ముఖం చూసి మాట్లాడవచ్చు" అంది ఫోనులో. దాని సంతోషం చూసి నాకు నవ్వూ వచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి.

2025 మార్చి 3, సోమవారం పనిలో చేరాలి. చిక్కంతా లైసెన్సు దగ్గర వచ్చింది.

"అదేమిటే! టెక్సాసులో వున్న గుండె, కాలిఫోర్నియాలో వున్న గుండె ఒకేలా కొట్టుకోదూ? మళ్లీ లైసెన్సెందుకు?" అన్నాను. మన పిల్లాడు తెనాలిలో డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంటే కాశీ దాకా కారు నడుపుకుపోవచ్చు గదా! నర్సు సంగతి అలా కాదు.

అమెరికా రాజ్యాంగంలో ప్రజల ఆరోగ్యం, క్షేమం చూసే అధికారం ముఖ్యంగా రాష్ట్రాలది. వైద్యుడి యోగ్యతను పరీక్షించి లైసెన్సు ఇచ్చే హక్కు రాష్ట్రానికి వుందని వెస్ట్ వర్జీనియాకు సంబంధించిన ఒక కేసులో అక్కడి సుప్రీంకోర్టు 1889లోనే తేల్చింది. నర్సులకు ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ చట్టం ప్రపంచంలో మొదట చేసింది న్యూజీలాండు, 1901లో. రెండేళ్లకు, 1903లో, అమెరికాలో నార్త్ కరోలినా దారి చూపింది. తక్కిన రాష్ట్రాలు ఒక్కొక్కటే చేశాయి. ఎవరి చట్టం వారిది, ఎవరి బోర్డు వారిది.

తమాషా ఏమిటంటే పరీక్ష మాత్రం అందరికీ ఒక్కటే. ఎన్‌క్లెక్స్ అని పేరు. టెక్సాసులో రాసినా, న్యూయార్కులో రాసినా అదే. ఒకసారి ప్యాసైతే మళ్లీ రాయనక్కర్లేదు. కాని పరీక్ష ఒకటైనా గుమ్మాలు వేరు. మరో రాష్ట్రంలో పని చేయాలంటే 'ఎండార్స్‌మెంటు' మీద లైసెన్సు తీసుకోవాలి. నీ పాత లైసెన్సు మంచిదేనని, దాని మీద శిక్షలు, ఫిర్యాదులు లేవని పాత రాష్ట్రం చెప్పాలి. నీ వేలిముద్రలు పోలీసు రికార్డులతో సరిచూడాలి. ఆ పైన ఆ రాష్ట్రం ప్రత్యేకంగా అడిగేవి తీర్చాలి. టెక్సాస్ అయితే తన నర్సింగ్ చట్టం మీద చిన్న పరీక్ష పెడుతుంది. న్యూయార్కు అంటురోగాల నివారణ మీద పాఠం చదివి రమ్మంటుంది.

ఈ ఇబ్బంది చూసి కొన్ని రాష్ట్రాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. దాన్ని కాంపాక్ట్ అంటారు. 2000లో అమలు మొదలైనప్పుడు చేరిన కొద్ది రాష్ట్రాలలో టెక్సాస్ ఒకటి. 2018లో నియమాలు గట్టిచేసి కొత్తరూపు ఇచ్చారు. 2025 నాటికి 40కి పైగా రాష్ట్రాలు, ప్రాంతాలు చేరాయి. అందులో ఒక రాష్ట్రంలో స్థిరనివాసం వుండి, అక్కడ బహురాష్ట్ర లైసెన్సు తీసుకుంటే, తక్కిన వాటిలో వేరే దరఖాస్తు లేకుండా పని చేయవచ్చు. ఏ రాష్ట్రంలో రోగి వుంటే ఆ రాష్ట్రపు చట్టానికి నర్సు కట్టుబడి వుండాలి.

సుభద్రకు వున్నది ఈ బహురాష్ట్ర లైసెన్సే. "బహు" అన్న మాట చూసి "సర్వ" అనుకుంది పాపం! కాలిఫోర్నియా, న్యూయార్కు వంటి పెద్ద రాష్ట్రాలు 2025 నాటికి కాంపాక్ట్‌లో లేవు. ఆ సంగతి ఏజెన్సీ అమ్మాయి చెప్పి, "దరఖాస్తు పెట్టు, వేళకు వచ్చేస్తుంది, కంగారు పడకు" అంది. సుభద్ర డిసెంబరులో దరఖాస్తు పెట్టింది. వేలిముద్రల కార్డులు పంపింది. వేళకు వస్తుందన్న మాట నమ్మి ఫిబ్రవరి మొదటివారంలో హ్యూస్టన్ ఆసుపత్రిలో రాజీనామా నోటీసు ఇచ్చేసింది.

అమ్మాయీ, ఇక్కడ ఆగి ఒక గీత గీసుకో. లైసెన్సు నంబరు కళ్లతో చూసేదాకా వున్న ఉద్యోగం వదలకూడదు. వస్తుందని చెప్పినవారికి, రాకపోతే పోయేదేమీ లేదు. పోయేది నీకే.

నోటీసు ఇచ్చిన నాలుగు రోజులకు బోర్డు నుంచి లేఖ వచ్చింది. ఇతర దేశంలో చదివినవారైతే, ఏ పాఠం ఎన్ని గంటలు, వార్డులో ఎన్ని గంటలు పని చేశారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్న వివరాల పత్రం కాలేజీవారే పూర్తిచేసి నేరుగా పంపాలట. సుభద్ర దగ్గర వున్న కాపీ పనికిరాదు. దాని చేతి మీదుగా వెళ్లకూడదు. అంతేకాదు, పాఠమూ, ఆ పాఠానికి సంబంధించిన వార్డు పనీ ఒకే కాలంలో జరిగి వుండాలి. ప్రసూతి పాఠం ఈ ఏడాది చెప్పి, ప్రసూతి వార్డుకు వచ్చే ఏడాది పంపితే వాళ్ల నియమం ఒప్పుకోదు. చదివింది మరిచిపోకముందే చేతులతో చేయాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆలోచిస్తే అందులో తప్పేమీ కనపడదు. వంట పుస్తకం ఈ సంక్రాంతికి చదివి, గరిటె వచ్చే సంక్రాంతికి పట్టుకుంటే పులుసు ఎలా వుంటుందో మనకు తెలియదూ?

"అత్తయ్యా, నాన్నకు చెప్పకు. నువ్వే ఒకసారి కాలేజీకి వెళ్లాలి" అంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. కాలేజీ పేరు చెప్పను. మంచివాళ్లూ అక్కడే వున్నారు. సుభద్ర నాటి ప్రిన్సిపాలు వెళ్లిపోయింది. పాత రిజిస్టర్లు మెట్ల కింద గదిలో, విరిగిన బల్లల వెనక వున్నాయి. ఆఫీసులో గుమాస్తా "ఇవాళ కాదు, రేపు" అన్నాడు. రేపు వెళితే "తాళంచెవి వున్నాయన సెలవు" అన్నాడు. మూడోరోజు పెసరట్లు, అల్లపుపచ్చడి డబ్బాలో పెట్టుకుని వెళ్లి, "ఇవాళ తాళం తీసేదాకా ఇక్కడే కూర్చుంటాను నాయనా, నాకు ఇంటి దగ్గర పనేమీ లేదు" అని వరండాలో చాప పరిచాను. మధ్యాహ్నానికి తాళం వచ్చింది.

దుమ్ము దులిపి రిజిస్టరు తీశాం. అన్నీ సరిగ్గానే వున్నాయి, ఒక్కటి తప్ప. ప్రసూతి పాఠాలు ఒక ఏడాదిలో అయ్యాయి. ప్రసూతి వార్డు పని మరుసటి ఏడాదిలో వుంది.

నా ముఖం చూసి గుమాస్తాకు జాలి వేసింది కాబోలు. గొంతు తగ్గించి, "దానికేముందమ్మగారూ, ఆ తేదీలు కొంచెం ఇటు జరిపి రాసేద్దాం. అంతదూరం నుంచి వచ్చి ఈ మెట్ల కింద ఎవరు చూస్తారు?" అన్నాడు. డబ్బు కూడా అడగలేదు. ఉపకారమే చేయబోయాడు.

నిజం చెప్పొద్దూ, నా నాలిక చివరిదాకా "సరే, రాయండి" అన్న మాట వచ్చింది. ఏమిటి తప్పు? ఆ పిల్ల పాఠమూ చదివింది, వార్డులోనూ పనిచేసింది. ఎన్ని కాన్పులు చూసిందో! పదేళ్ల అనుభవం వుంది. నాలుగు అంకెలు అటూ ఇటూ అయితే ఏ తల్లికి నష్టం? అటువైపు మా తమ్ముడి ఇల్లు కళ్ల ముందు కదిలింది. మా నాన్న కట్టించిన ఇల్లు. పెరట్లో మా అమ్మ నాటిన కరివేపచెట్టు.

ఎందుకైనా మంచిదని సుభద్రకు ఫోను చేశాను. ఇక్కడ పగలు పదకొండున్నర దాటింది, అక్కడ అర్ధరాత్రి. నోటీసు కాలం డ్యూటీలో వుంది. వరండాలోకి వచ్చి మాట్లాడింది. నేను సంగతంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"వద్దత్తయ్యా" అంది చివరికి.

"ఇల్లు..." అన్నాను.

"తెలుసు. ఇందాక ఏడో నంబరు పడకలో ముసలాయనకు బ్లడ్ ప్రెషర్ చూశాను. తొంభై అని రాశాను. ఎవరూ నా వెనక నిలబడి చూడరు. నేను రాసింది చూసి డాక్టరు మందు మారుస్తారు. నా కలం అబద్ధం రాయదని నమ్మి ఆయన్ను నాకు అప్పగించారు. ఆ నమ్మకానికే గదా లైసెన్సని పేరు! అది అబద్ధంతో తెచ్చుకుని రేపు నిజాలు రాస్తానంటే ఎలా? పైగా ఎప్పుడైనా బయటపడితే టెక్సాస్ లైసెన్సు కూడా పోతుంది. వున్న తేదీలే రాయించు."

పాతికేళ్లనుంచి పత్రికల్లో నీతులు రాస్తున్నదాన్ని నేను. ఆ రోజు నాకు నీతి చెప్పింది నా చేతుల్లో పెరిగిన పిల్ల. గుమాస్తాతో "నిజం తేదీలే రాయండి బాబూ" అన్నాను. అతను నా వంక వింతగా చూశాడు గాని, తర్వాత చాలా శ్రద్ధగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు. కవరుకు సీలు వేసి, రిజిస్టరు పోస్టు రసీదు నా చేతికిచ్చాడు.

ఫలితం మీరూహించిందే. లైసెన్సు మార్చి 3కు రాలేదు. ఫిబ్రవరి ఆఖరులో ఏజెన్సీ ఆ ఒప్పందం రద్దుచేసి, మరొకరిని పంపింది. ప్రసూతి విభాగంలో లోటు వున్నదనీ, బోర్డు ఆమోదించిన చోట ఆ కోర్సు పూర్తిచేయాలనీ తర్వాత జవాబు వచ్చింది. చేతిలో ఉద్యోగం లేదు, ఇంటి అద్దె నడుస్తోంది. ఆ మూడు వారాలు మా తమ్ముడికి చెప్పకుండా ఎలా వున్నానో నాకే తెలియదు.

దాన్ని ఆదుకున్నది మళ్లీ ఆ బహురాష్ట్ర లైసెన్సే. ఆరిజోనా కాంపాక్ట్‌లో వుంది. అక్కడ ఒక ఆసుపత్రికి వెంటనే నర్సు కావలసివచ్చింది. కొత్త లైసెన్సుతో పనిలేకుండా మార్చి ఆఖరున చేరి, 13 వారాలు పనిచేసింది. కాలిఫోర్నియా అంత జీతం కాదు. అయినా బ్యాంకు అసలు మొదటిసారి కదిలింది.

ఇప్పుడు ఆ కోర్సులో సీటు కోసం ఎదురుచూస్తోంది. "కావాలా ఇదంతా?" అని అడిగితే, "మొదలుపెట్టాను గదా" అంటుంది. అయితే ఈసారి జాగ్రత్త నేర్చుకుంది. కాలిఫోర్నియాలో పనికి వెళ్లినా స్థిరనివాసం టెక్సాసులోనే వుంచుకుంటుంది. డ్రైవింగ్ లైసెన్సు, ఓటు, ఆదాయపు పన్ను కాగితాలను బట్టి స్థిరనివాసం నిర్ణయిస్తారు. కాంపాక్ట్‌లో లేని రాష్ట్రానికి కాపురం మారిస్తే బహురాష్ట్ర హక్కు పోతుంది. మరో కాంపాక్ట్ రాష్ట్రానికి మారితే 60 రోజులలోగా అక్కడ దరఖాస్తు పెట్టాలి.

ఈ గోడలన్నీ అవసరమా అని అడగవచ్చు. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు చాలా రాష్ట్రాలు ఈ నియమాలు తాత్కాలికంగా సడలించి పొరుగు నర్సుల్ని రానిచ్చాయి. ఆ పద్ధతే వుంచవచ్చునని కొందరు, పర్యవేక్షణ తగ్గితే రోగికి ప్రమాదమని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మనమూ వారిని చూసి నవ్వనక్కర్లేదు. 1926లో మద్రాసు నర్సుల చట్టం వచ్చిన నాటినుంచి మన నర్సుల పేర్లుండేది రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టరులోనే. తెనాలి నర్సు ఢిల్లీలో పని చేయాలంటే అక్కడి కౌన్సిల్‌లో నమోదు కావాలి; అందుకు ఇక్కడి కౌన్సిల్ 'అభ్యంతరం లేదు' అని పత్రం ఇవ్వాలి.

రాజమహేంద్రవరం అమ్మాయీ, నీకు నేను చెప్పేది ఇది. వెళ్లకముందే కాలేజీకి వెళ్లి నీ పాఠాల గంటలు, వార్డు గంటలు, తేదీలు చూసుకో. రిజిస్టరు ఎక్కడుందో, ఎవరు సంతకం పెడతారో కనుక్కో. వెళ్లదలచిన రాష్ట్రం కాంపాక్ట్‌లో వుందో లేదో ఏజెన్సీ నోటివెంట కాదు, ఆ రాష్ట్రపు బోర్డు ప్రకటనలోనే చూడు. కొన్ని నెలలు పడుతుందని ముందే లెక్క వేసుకో. లోటు వుంటే దాచకు. లోటు పూడ్చుకోవడానికి దారి వుంటుంది, అబద్ధానికి వుండదు.

పోయిన నెల మా తమ్ముడికి సంగతంతా చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇల్లు ఇంకో రెండేళ్లు బ్యాంకులోనే వుండనీ అక్కా, ఏం కొంప మునిగింది?" అన్నాడు. ఆ సాయంత్రం పెరట్లోకి వెళ్లి కరివేపచెట్టుకు నీళ్లు పోశాడు.